లైట్ ఫ్లైవీల్, స్టేజ్ 3 క్లచ్: ఆ సలహాలో తప్పులెక్కడ?

కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: "క్లచ్ ఎలాగూ మారుస్తున్నావు కదా, కంపెనీ డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసి పారెయ్, అదంతా దోపిడీ. తేలికపాటి సింగిల్ మాస్ వేస్తే పవర్ పెరుగుతుంది. 300 హార్స్‌పవర్ దాటితే స్టేజ్ 3 సెరామిక్ క్లచ్ వెయ్, ఇక జన్మలో జారదు." వినడానికి భలే ఉంది. ఫ్లైవీల్ అంటే ఇంజిన్ వెనక క్రాంక్‌షాఫ్ట్‌కు (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) బిగించే బరువైన చక్రం. క్లచ్ ప్లేటు దానికి నొక్కుకుని ఇంజిన్ తిప్పుడును గేర్‌బాక్సుకు చేరుస్తుంది. సింగిల్ మాస్ అంటే ఒకే చక్రం, డ్యూయల్ మాస్ అంటే మధ్యలో స్ప్రింగులున్న రెండు చక్రాలు. స్టేజ్ అన్నది క్లచ్ ఎంత గట్టిదో చెప్పడానికి అమ్మేవాళ్ళు పెట్టే అంకె.

ముందు పవర్ సంగతి. ఫ్లైవీల్ బరువు తగ్గినంత మాత్రాన ఇంజిన్ పుట్టించే పవర్ పెరగదు. ఆ చక్రం వేగాన్ని పెంచడానికి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, అంతే. ఆ లాభమైనా గేర్ నిష్పత్తి వర్గాన్ని (స్క్వేర్) బట్టి మారుతుంది. ఫ్లైవీల్‌లో 4 కిలోలు తగ్గాయి, ఆ లోహం కేంద్రం నుంచి సగటున 10 సెంటీమీటర్ల దూరంలో ఉంది, టైరు వ్యాసార్థం 31 సెంటీమీటర్లు అనుకోండి. డిఫరెన్షియల్‌తో కలిపి మొదటి గేర్ నిష్పత్తి 14 అయితే, కారు బరువు దాదాపు 80 కిలోలు తగ్గినంత చురుకొస్తుంది. టాప్ గేర్‌లో నిష్పత్తి 3 అయితే లాభం 4 కిలోల లోపే. రెండో గేర్‌లో మలుపు దాటి బయటికొస్తుంటే తేడా తెలుస్తుంది, టాప్ గేర్‌లో ఓవర్‌టేక్ చేస్తుంటే తెలియదు.

మరి డైనో (పవర్ కొలిచే యంత్రం) షీట్‌లో అంకె పెరిగిందే అంటారా? ఇనర్షియా రకం డైనో చూసేది కారు చక్రాలు తిప్పే బరువైన రోలర్ ఎంత త్వరగా వేగం పుంజుకుందన్నదే. ఫ్లైవీల్ మింగేది తగ్గింది కాబట్టి అంకె కాస్త పెరుగుతుంది. అదే కారును స్థిరమైన ఆర్‌పీఎం దగ్గర లోడ్ పెట్టి కొలిస్తే ఆ పెరుగుదల కనిపించదు.

ఇంతకంటే ప్రమాదకరమైనది, పాత పోత ఇనుము ఫ్లైవీల్‌నే లేత్ మీద చెక్కించేయమనడం. తిరిగే చక్రంలో ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది: 5,000 ఆర్‌పీఎం నుంచి 7,500కి వెళ్తే 2.25 రెట్లు. ఆ వేగంలో పగిలితే ముక్కలు బెల్ హౌసింగ్‌ని (క్లచ్ చుట్టూ ఉండే తొడుగు) చీల్చుకుని వస్తాయి, అక్కడికి అడుగు దూరంలో మీ కాళ్ళుంటాయి. తేలికది కావాలంటే ఆ పనికే చేసిన స్టీలు ఫ్లైవీల్ కొనండి, ఎస్ఎఫ్ఐ 1.1 (రేసింగ్ భాగాల భద్రతా ప్రమాణం) ముద్ర ఉంటే మరీ మంచిది.

డ్యూయల్ మాస్ దోపిడీ కాదు. ప్రతి సిలిండర్ మండినప్పుడల్లా క్రాంక్‌షాఫ్ట్ చిన్నగా కుదుపుకుంటుంది. రెండు చక్రాల మధ్య ఉన్న స్ప్రింగులు ఆ కుదుపును గేర్‌బాక్సు దాకా పోకుండా మింగేస్తాయి. దాన్ని తీసేస్తే చాలా కార్లలో న్యూట్రల్‌లో ఐడిల్ మీద గలగల మొదలవుతుంది, క్లచ్ తొక్కగానే ఆగిపోతుంది. బేరింగ్ పోయిందని గాభరా పడేవాళ్ళు ఎందరో. ఇంకో చిక్కు: డ్యూయల్ మాస్‌తో వచ్చే క్లచ్ ప్లేటుకు తరచుగా మధ్యలో స్ప్రింగులుండవు. దాన్నే తెచ్చి సింగిల్ మాస్‌కు బిగిస్తే కుదుపంతా నేరుగా గేర్ల మీద పడుతుంది. కొన్ని కార్లలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఆ ఊగిసలాటను మిస్‌ఫైర్, అంటే సిలిండర్ సరిగా మండకపోవడం, అనుకుని హెచ్చరిక లైటు వెలిగిస్తుంది. ట్రాక్ మీద తిప్పే కారైతే, ట్యూనింగ్‌తో టార్క్ బాగా పెంచినదైతే సింగిల్ మాస్ సరైన నిర్ణయమే. అప్పుడూ స్ప్రింగుల ప్లేటుతో సహా జతగా వచ్చే కిట్టే తీసుకోవాలి.

ఇక స్టేజ్ 3. స్టేజ్ అనే మాటకు ప్రమాణమేమీ లేదు. ఒకరి స్టేజ్ 2 ఇంకొకరి స్టేజ్ 3 కావచ్చు. హార్స్‌పవర్ చూసి ఎంచుకోవడం ఇంకా తప్పు, ఎందుకంటే క్లచ్ మోసేది టార్క్‌ని, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని. 300 హార్స్‌పవర్ 7,000 ఆర్‌పీఎం దగ్గర వస్తే అక్కడ టార్క్ సుమారు 300 న్యూటన్ మీటర్లు. అదే పవర్ టర్బో ఇంజిన్‌లో 4,000 దగ్గర వస్తే 530 పైమాటే. రెండింటికీ ఒకే క్లచ్ ఎలా చెబుతారో నాకైతే అర్థం కాదు. మీ ఇంజిన్ గరిష్ఠ టార్క్ తెలుసుకుని, దానికి కాస్త పైన రేటింగ్ ఉన్నది చూడండి.

సెరామిక్ వేడికి బాగా నిలబడుతుంది, కాదనను. కానీ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరపాల్సి వస్తే పట్టీ పట్టకుండా ఉండటం దానికి చేతకాదు, పడితే పూర్తిగా పట్టేస్తుంది, కారు దడదడలాడుతుంది. రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళే కారుకు మంచి ఆర్గానిక్ ప్లేటే (మామూలు కార్లలో వచ్చే రకం) సుఖం. క్లచ్ ప్లేటును నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు మరీ గట్టిదైతే పెడల్ బరువెక్కడమే కాదు, తొక్కిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీద భారం పడుతుంది. టార్క్ బాగా ఎక్కువైతే రెండు ప్లేట్లుండే ట్విన్ ప్లేట్ క్లచ్ నయం. అదే నొక్కుడు బలానికి రెండు ముఖాల బదులు నాలుగు పనిచేస్తాయి కాబట్టి సామర్థ్యం రెట్టింపవుతుంది.

జన్మలో జారదన్న మాటకొస్తే, ఏ క్లచ్ అయినా జారుతుంది. చాలామంది తయారీదారులు మొదటి 800 కిలోమీటర్లు గేర్లు మారుస్తూ నెమ్మదిగా నడపమంటారు, హైవే మీద ఒకే గేర్‌లో తోలిన దూరం లెక్కలోకి రాదు. గేర్‌బాక్సు దించినప్పుడే క్రాంక్ వెనక ఆయిల్ సీల్, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసేది), ఫ్లైవీల్ బోల్టులు కూడా మార్పించండి. ఆ సీల్ కారి ప్లేటు మీద ఆయిల్ పడితే స్టేజ్ 3 కూడా జారుతుంది, గేర్‌బాక్సు మళ్ళీ దించాల్సిందే.