గోల్డెన్ జాయింట్ దొరవారికి

అయ్యా గోల్డెన్ జాయింట్ గారూ,

తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఉండక ఏమవుతారు? పైపులైన్‌లో నీళ్ల టెస్ట్ నుంచి మినహాయింపు పొందిన వెల్డ్ జాయింట్ తమరు. తమరి ఒంటి మీద నీటి ప్రెషర్ పడితే కదా!

పక్కనున్న మామూలు జాయింట్ల బతుకు తమరికి తెలియనిది కాదు. ఎక్కడా గాలి మిగలకుండా లైన్ నిండా నీళ్లు పోసి, పంపు పెట్టి, డిజైన్ ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు ఎక్కిస్తారు. లైన్ నడిచేది బాగా వేడి మీదైతే ఆ వేడిలో స్టీలు ఎంత బలం కోల్పోతుందో లెక్కగట్టి ఇంకాస్త ఎక్కిస్తారు. కనీసం 10 నిమిషాలు అలాగే పట్టి ఉంచి, టార్చి పట్టుకుని ఒక్కొక్క జాయింటూ చూస్తారు. చెమటలా ఒక్క చుక్క కనిపించిందా, ఇక అంతే: నీళ్లు వదలడం, కోయడం, రిపేరు, మళ్లీ మొదటి నుంచి. ఇంత హడావుడి జరుగుతుంటే తమరు కొత్త అల్లుడిలా పక్కన కూర్చుంటారు.

తమరికి ఆ మర్యాద ఇచ్చింది ఎవరో దారిన పోయేవాడు కాదు, ప్లాంటు పైపింగ్‌కి నియమాలు రాసిన సాక్షాత్తూ ఏఎస్ఎమ్ఈ బీ31.3 కోడే. అది నేను కాదనను. రెండు వైపులా లైన్లు ఇప్పటికే టెస్ట్ పాసై ఉంటే, ఆ రెండిటినీ కలిపే ఆఖరి వెల్డ్‌కి లీక్ టెస్ట్ అక్కర్లేదంది. నడుస్తున్న ప్లాంటులో పాత లైన్‌కి కొత్తది అతికించే చోట, నీళ్లు నింపే వీలే లేని చోట, ఇంతకన్నా దారి లేదు కూడా.

కానీ ఆ వరం ఉత్తినే రాలేదు కదా దొరా! 100 శాతం ఎక్స్‌రే గానీ అల్ట్రాసోనిక్ గానీ చెయ్యాలంది. దాంతోపాటు పైపు అంచుల్ని ఎదురెదురుగా అమర్చే ఫిట్-అప్ నుంచి వెల్డ్ చివరి పొర ఫైనల్ బీడ్ దాకా మనిషి దగ్గరుండి చూడాలంది. అంచులు శుభ్రంగా ఉన్నాయా, గ్యాప్ సరిపోయిందా, లోపలి అంచులు కలిశాయా, ముందుగా వేడి (ప్రీహీట్) ఇచ్చారా, మొట్టమొదటి పొర అయిన రూట్ పాస్ శుభ్రం చేశాక ఎలా ఉంది, పొరకీ పొరకీ మధ్య పేరుకునే చిట్టెం (స్లాగ్) పోయిందా... ఇవన్నీ. నార్మల్ ఫ్లూయిడ్ సర్వీస్ అనే మామూలు తరగతి లైన్లలో, అంచుకి అంచు కలిపే బట్ వెల్డ్‌లకి 5 శాతం ఎక్స్‌రేతో సరిపెట్టే కోడ్ తమరి దగ్గరికొచ్చేసరికి ఇంత పట్టుబట్టింది. రాసింది రాసినట్టు జరిగితే లైన్ మొత్తంలో ఎక్కువ పరీక్షలు ఎదుర్కొన్నది తమరే. (ఆ మాటకొస్తే నీళ్లతో చేసే ఆ హైడ్రోటెస్ట్ కూడా సర్వజ్ఞుడేం కాదు. రూట్‌లో లోహం పూర్తిగా కరిగి కలవని వెల్డ్ ఆ పది నిమిషాలూ బింకంగా నిలబడి, వైబ్రేషన్‌లో కొన్నేళ్లకి పగలొచ్చు.)

జరుగుతున్నదేమిటంటే, వరం పుచ్చుకుని షరతులు గాలికొదిలేస్తున్నారు. ఆఖరి వెల్డ్ అంటే ఒకటో రెండో అనుకునే అమాయకుణ్ణి నేను. ఇప్పుడు టెస్ట్ కోసం లైన్ చివర మూసే బ్లైండ్ వెయ్యడానికి బద్ధకమా? గోల్డెన్. వర్క్‌షాపులో తయారైన పైపు ముక్క, అదే స్పూల్, ఆలస్యంగా వచ్చిందా? గోల్డెన్. టెస్ట్ అయ్యాక డ్రాయింగు రివిజన్ ఊడిపడిందా? అదీ గోల్డెన్. షెడ్యూలు మీటింగులో తమరి సంతతి అలా పెరుగుతూనే ఉంది. దగ్గరుండి చూశామనే ఫారం మాత్రం ఆ సాయంత్రం, అన్ని గళ్లూ ఒకే పెన్నుతో, టీ చల్లారేలోపు నిండిపోతుంది. ఫిట్-అప్ ఎవరు చూశారంటే అందరూ ఎక్స్‌రే ఫిల్మ్ వైపు చూపిస్తారు. "క్లియర్ సార్!"

ఫిల్మ్ క్లియరే. తమరిని కలపడానికి పైపుని చైన్ బ్లాక్ వేసి ఎంత లాగారో ఆ ఫిల్మ్‌లో పడుతుందా? అసలు చిక్కంతా ఇక్కడే. వర్క్‌షాపులో స్పూల్ చేసినవాడి మిల్లీమీటరు, సపోర్టు పెట్టినవాడి మిల్లీమీటరు, యంత్రానికి పైపు కలిసే మూతి, అదే నాజిల్, నిలబెట్టినవాడి మిల్లీమీటరు, అందరి తప్పులూ వచ్చి చేరేది ఆఖరి జాయింట్ దగ్గరికే. ఎక్విప్‌మెంట్‌కి గానీ పైపుకి గానీ హాని చేసేటంత ఒత్తిడి పడేలా లాగి కలపకూడదని అదే కోడ్ నిషేధించింది. అయినా జాకీ వేసి, చైన్ బిగించి, కదలకుండా అక్కడక్కడా ట్యాక్ వెల్డ్ కొట్టి, "గ్యాప్ సూపర్" అంటారు. ఆ లాగుడంతా తర్వాత పంపు నాజిల్ మోస్తుంది. పంపు అలైన్‌మెంట్ ఎందుకు నిలవట్లేదని తిరిగే యంత్రాలు చూసే రోటరీ వాళ్లు తల పట్టుకుంటారు.

ఇక నీళ్ల సంగతి. పక్క లైన్ టెస్ట్ చేసిన నీళ్లు పూర్తిగా ఆరవు. ఏదో వాల్వు మూసినా కాస్త కారుతూ ఉంటుంది, ఆ తడి సరిగ్గా తమరి రూట్ దగ్గరికి జారుకుంటూ వస్తుంది. తడి తగలకూడని 7018 రకం వెల్డింగ్ రాడ్‌ని ఓవెన్‌లో బేక్ చేసి, చేతి ఓవెన్‌లో వేడి తగ్గకుండా భద్రంగా మోసుకొచ్చి, చివరికి తడి పైపు మీద పెట్టి ఆర్క్ కొడతారు. వెల్డ్‌ని పగలగొట్టే హైడ్రోజన్‌ని రాడ్‌లోంచి రానివ్వకుండా చేసి, పైపులోంచి రాజమార్గం ఇచ్చినట్టు!

టెస్ట్ అరకొరగా చేస్తే ఏమవుతుందని తమరి అభిమానులు అడుగుతుంటారు. 1974లో ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో ప్లాంటులో ఒక రియాక్టర్ తీసేసి, దాని స్థానంలో తాత్కాలికంగా 20 అంగుళాల గొట్టం పెట్టారు. డ్రాయింగు వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీశారు. టెస్టే చెయ్యలేదా అంటే, చేశారు, చదరపు సెంటీమీటరుకి 9 కేజీల ప్రెషర్ దాకా. సేఫ్టీ వాల్వు తెరుచుకునేది మాత్రం 11 దగ్గర. జూన్ 1న ఆ గొట్టం విడిపోయి జరిగిన పేలుడులో 28 మంది చనిపోయారు. అక్కడ తమరి పేరెక్కడా లేదు లెండి. "ఈ ఒక్కదానికి ఇది చాల్లే" అనే బుద్ధి మాత్రం తమరికి బాగా తెలిసిందే.

సరే, ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. పంపులోకి ద్రవం వచ్చే సక్షన్ లైన్‌లో ఇంకో జాయింటుకి తమరి హోదా ఇప్పించమని నా బల్ల మీదికి ఒక కాగితం వచ్చింది. వెళ్లి చూశాను. రెండు వైపులా బ్లైండ్లు బోల్టులతో బిగించే ఫ్లాంజ్‌లున్నాయి, బ్లైండ్లు స్టోర్‌లో ఉన్నాయి, క్యాలిబ్రేషన్ గడువు దాటని గేజ్‌లున్నాయి, నీళ్లకూ కొదవ లేదు. రిజెక్ట్ అని రాసి వెనక్కి పంపాను. టెస్ట్ పంపు ఎప్పుడొస్తుందో వాళ్లు ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
తమరి ఫైలు మీద ఇంకా సంతకం పెట్టని ఇన్‌స్పెక్టరు