మోకాలికీ బొజ్జకీ ముడి

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టేవాళ్లను చూసి ఇన్నాళ్లూ నవ్వుకున్నాం. ఎముకల డాక్టర్లు ఇప్పుడు గుండు వదిలేసి బొజ్జకీ మోకాలికీ ముడిపెడుతున్నారు. ఈ దాడిని బొజ్జ ఉన్న ప్రతి పౌరుడూ లేచి నిలబడి ఖండించాలి. 84 కిలోల పౌరుడిగా నేనే ముందు లేస్తున్నాను. కుర్చీ చేతులు పట్టుకుని, కాస్త మెల్లగా.

మొన్న డాక్టరుగారు నా ఎక్స్‌రేని లైటుకు ఎదురుగా పెట్టి పెన్నుతో చూపించారు. పై ఎముకకీ కింది ఎముకకీ మధ్య, బయటివైపు సందు బాగానే ఉంది. లోపలివైపు పెన్సిలు గీతంతే మిగిలింది.

"గుజ్జు అరిగిందండీ. బరువు తగ్గాలి."

"ఇంట్లో కొత్తగా టైల్స్ వేయించామండీ, వాటివల్లేమో..."

ఆయన నా మొహం వంక చూడలేదు. పొట్ట వంక చూశారు.

ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లను నడిపించి మరీ అమెరికాలో కొలిచారట, 2005లో ఆ లెక్క అచ్చయింది కూడా. నేను చిన్నప్పటినుంచీ లెక్కల్లో దిట్టని. ఇంటికొచ్చి కాగితం తీశాను. కిలోమీటరు నడిస్తే ఒక్కో కాలు సుమారు 700 అడుగులు వేస్తుంది. నాలుగుతో హెచ్చిస్తే 2,800 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాలైతే 112! ఇదంతా ఒక్క కిలోకే. నా దగ్గర అదనంగా ఉన్నవి 16. ఆ గుణకారం చేసేలోపు మా ఆవిడ పకోడీల ప్లేటు తెచ్చి ఆ కాగితం మీదే పెట్టింది.

అసలు తప్పంతా గుజ్జుదే. దానికి నరాలు లేవు, అందుకే అరుగుతున్నన్నాళ్లూ కిక్కురుమనదు. తీరా కొంప మునిగాక పక్కనున్న ఎముక కేకలు పెడుతుంది. రక్తనాళాలు కూడా లేవట. అడుగు పడినప్పుడు స్పాంజిలా నొక్కుకుని, కాలు లేచినప్పుడు కీలులోని జిగట నీటిని పీల్చుకుని బతుకుతుందట. నడిస్తే అరిగిపోతుందేమోనని రెండేళ్లుగా సోఫాలో కూర్చుని నేను దాన్ని కాపాడుతుంటే, అది లోపల పస్తులుంటోందన్నమాట. ఒక్క మాట చెప్పొచ్చు కదా?

నేనూ ఊరుకోలేదు. "లావుపాటి వాళ్లకు చేతివేళ్ల కీళ్లు కూడా ఎక్కువగా అరుగుతాయంటారు. చేతుల మీద ఎవరైనా నడుస్తారా డాక్టరుగారూ?" అని నిలదీశాను. కేసు గెలిచాననుకున్నా. "కొవ్వు ఊరికే కూర్చోదండీ, వాపు పెంచే రసాయనాలు రక్తంలోకి వదులుతుంటుంది" అన్నారాయన. నేరుగా ఒక నేరం, చాటుగా ఇంకోటి. నా బొజ్జ ఇంత కష్టజీవి అని అప్పటిదాకా నాకే తెలియదు.

చికిత్సలో లోటు చేశానా? బెండకాయ ముక్కలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పరగడుపునే తాగాను. అదీ జిగటే, ఇదీ జిగటే, ఇంతకంటే శాస్త్రం ఏం కావాలి? ఆముదం కాచి పట్టించాను. నల్లేరు పచ్చడి తిన్నాను. ఆ దురద తెలియకుండా ఉండాలని ఇంకో నాలుగు ముద్దలు, పైన నెయ్యి. మోకాలికి బెల్టు కూడా కొన్నాను, డబుల్ ఎక్సెల్.

అమెరికాలోనే ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో సుమారు ఐదు కిలోలు తగ్గిన ఆడవాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం పడిపోయిందని 1992లోనే తేల్చారట. అది విన్న రోజునుంచి మా ఆవిడ పకోడీలు వండుతుంది, తినదు. ఆ వాటా వృథా పోకుండా చూసే భారం కూడా నా మోకాళ్ల మీదే పడింది.

తగ్గడానికి నాకేం అభ్యంతరం లేదు. చిక్కల్లా మొక్కుతోనే. నొప్పి తగ్గితే తిరుమలలో పటికబెల్లంతో తులాభారం తూగుతానని మొక్కుకున్నాను. అప్పుడు 84. ఇప్పుడు 74కి దిగి త్రాసులో కూర్చుంటే స్వామివారికి పది కిలోలు ఎగ్గొట్టినట్టు కాదూ? అలిపిరి నుంచి 3,550 మెట్లు, దారిలో మోకాళ్ల పర్వతం. ఆ దారిన నడిచి వెళ్తే ఇంకో కిలో తగ్గినా తగ్గొచ్చు. అందుకని బస్సు టికెట్ తీసుకున్నాను.