అన్నీ యూట్యూబులో దొరుకుతుండగా బెంగళూరు దాకా ఎందుకు వెళ్ళానంటే

గత నెలలో ఒక పెద్ద సాంకేతిక సంస్థ, యాప్‌లు తయారు చేసే డెవలపర్ల కోసం బెంగళూరులో జరిపిన సదస్సుకు వెళ్ళి వచ్చాను. అప్పటి నుంచి శ్రీకాకుళంలో నన్ను ఎరిగిన వారందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ప్రసంగాలన్నీ యూట్యూబులో ఉచితంగా దొరుకుతుండగా, ఆమదాలవలసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసి, సొంత డబ్బు ఖర్చు పెట్టుకుని వెళ్ళవలసిన అవసరం ఏమిటని.

ప్రశ్న న్యాయమైనదే. 2019లో ఆపిల్ సదస్సుకు టికెట్టు ధర 1,599 డాలర్లు, అది కొనగల స్తోమత ఉన్నవారికి కూడా లాటరీలో పేరు వస్తేనే ప్రవేశం. 2020లో కోవిడ్ కారణంగా ఆపిల్ తన సదస్సును పూర్తిగా ఆన్‌లైన్‌కు మార్చి అందరికీ ఉచితం చేసింది. ఆ ఏడాది ఐ/ఓ సదస్సును రద్దు చేసుకున్న గూగుల్ కూడా 2021లో దానిని ఆన్‌లైన్‌లో ఉచితంగా జరిపింది. కాలిఫోర్నియాలో ఉదయం 10 గంటలకు మొదలయ్యే ప్రారంభ ప్రసంగాన్ని రాత్రి 10.30కు మా ఇంటి డాబా మీద కూర్చుని చూడగలగడం మా వంటి ఊళ్ళకు చిన్న మేలు కాదు. అయితే నేను బెంగళూరు వెళ్ళింది ప్రసంగాలు వినడానికి కాదు, ఒక పేరు ఎందుకు విరిగిపోతున్నదో అడగడానికి.

పలాసలో జీడి పిక్కల నుంచి పప్పు తీసే స్త్రీల కూలి లెక్క కోసం నేను ఒక చిన్న యాప్ తయారు చేశాను. ఎవరు ఎన్ని కిలోలు తీశారో తూకం వేసి నమోదు చేస్తే, రోజు చివర ఒక్కొక్కరికి ఒక చీటీ వస్తుంది. చీటీ ముద్రించే చిన్న యంత్రానికి తెలుగు లిపి తెలియదు కాబట్టి ప్రతి వరుసనూ బొమ్మగా మార్చి పంపుతాము. ఒక వరుసలో ఇన్ని అక్షరాలే పడతాయి కనుక, ఇంటిపేరు పొడవుగా ఉన్నప్పుడు చివర కొంత కోయవలసి వస్తుంది. ఒక సాయంత్రం ఒక పెద్దావిడ చీటీ తెచ్చి నా చేతిలో పెట్టి, “తల్లీ, నా పేరు ఇది కాదు” అన్నది. ఇంటిపేరు తరువాత ‘లక్ష్మి’ అని ఉండవలసిన చోట ‘లక్’ అని మాత్రమే ఉంది. చదువు లేకపోయినా తన పేరు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. కూలి డబ్బు సరిగానే ముట్టింది, కానీ ఆ చీటీ తనది కాదేమోనన్న భయం ఆమె కళ్ళలో కనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

‘లక్ష్మి’లో రెండే అక్షరాలు ఉన్నాయని రెండవ తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అన్ని భాషల అక్షరాలనూ ఫోన్లు, కంప్యూటర్లు గుర్తించే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో మాత్రం ఆ మాటకు 7 సంకేతాలు ఉంటాయి. వాటిని అక్షరాలుగా కూర్చే పనిని నేను ఫోనులోనే ఉన్న సదుపాయానికి అప్పగించాను. అదే సరిగా చేస్తుందని నమ్మి, తప్పు నా కోడులో ఉందని మూడు వారాలు వెతికాను. సదస్సులో సంస్థ ఇంజినీర్లు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వినే బల్లల దగ్గర ఒక ఇంజినీరుకు నా ఫోనూ, ఆ చీటీ కూడా చూపించాను. ఆమెకు తెలుగు రాదు. అయినా ఫోను వెర్షన్ అడిగి, రెండు నిమిషాలు చూసి, కారణం చెప్పింది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్‌లో 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌తోనే చేరింది. అంతకు ముందటి నియమాల ప్రకారం ‘లక్ష్మి’ అంటే ల, క్, ష్, మి అని నాలుగు ముక్కలు. పలాసలో వాడే పాత ఫోన్లలో ఇంకా ఆ పాత నియమాలే ఉన్నాయి. కొత్త నియమాలున్న లైబ్రరీని, అంటే ఇతరులు ముందే రాసి ఉంచిన కోడును, యాప్‌లోనే జత చేసుకోమని ఆమె చెప్పింది. ఇది ఏ ప్రసంగంలోనూ లేదు, ఉండదు కూడా, ఎందుకంటే వేదిక మీద మాట్లాడేవారికి పలాస చీటీ ఎన్నడూ ఎదురుపడదు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిసిన ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరం చేరితే యాప్‌లు మూతపడిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 11.2.6 వెర్షన్ విడుదల చేసి ఆపిల్ దానిని సరిదిద్దింది. కోట్ల మంది రాసే లిపిలోని లోపం అంతటి దుమారం రేగిన తరువాత బయటపడడం కంటే, ఒక బల్ల దగ్గర ఒక మనిషి చూపిస్తే బయటపడడం మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందుకే ఆ సదస్సు నిర్వాహకుల మీద నాకు కోపం ఉంది. ఉదయం నుంచి సాయంత్రం వరకు వేదిక మీద ప్రదర్శనలు సాగాయి. ఆ ప్రశ్నల బల్లలకు మాత్రం భోజనాల తరువాత గంటన్నర సమయం ఇచ్చారు. నా వెనుక వరుసలో బొబ్బిలి నుంచి వచ్చిన కుర్రవాడు ఉన్నాడు. సిగ్నల్ లేనప్పుడు ఫోనులో దాచిన లెక్కలు, బ్యాటరీ ఆదా కోసం ఫోను యాప్‌ను ఆపేసినప్పుడు మాయమవుతున్నాయన్నది అతని సమస్య. తిత్లీ తుఫాను తరువాత ఉద్దానంలో కరెంటు లేక రోజుల తరబడి గడిపిన మాకు అది ఎంత పెద్ద సమస్యో తెలుసు. అతని వంతు రాకుండానే బల్లలు ఎత్తేశారు. తిరుగు ప్రయాణంలో అతను పెద్దగా మాట్లాడలేదు.

దరఖాస్తులో ఏ కంపెనీలో పని చేస్తున్నారని, సామాజిక మాధ్యమాలలో ఎంతమంది అనుసరిస్తున్నారని అడిగారు. ఏ సమస్యతో వస్తున్నారని అడగలేదు. ఊరి పేర్ల జాబితాలో విశాఖపట్నం తరువాత ఉత్తరాన మరే ఊరూ లేదు కనుక నేను ‘ఇతరములు’ అన్నదాన్ని ఎంచుకున్నాను. ప్రసంగాలు ఎలాగూ ఇంటికే వస్తున్నాయి కాబట్టి, సదస్సు రోజంతా ఆ బల్లలకే కేటాయించాలి. దూరం నుంచి సమస్య తెచ్చేవారికి రైలు ఖర్చు ఇవ్వాలి. ఏడాదికి ఒక్క రోజైనా నలుగురు ఇంజినీర్లను ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీకో, విజయనగరంలోని ఒక కళాశాలకో పంపాలి. నాలుగు కుర్చీలు, రెండు బల్లలు, కరెంటు ఉంటే చాలు, మిగిలినవన్నీ మేము తెస్తాము.

కొత్త లైబ్రరీతో యాప్‌ను సరిచేసి పోయిన సోమవారం పలాస వెళ్ళాను. ఆ పెద్దావిడ చీటీని వెలుగులోకి పట్టుకుని తన పేరును వేలితో తడుముతూ చూసుకుని, మడిచి కొంగున ముడి వేసుకున్నది. బొబ్బిలి కుర్రవాడి ప్రశ్నను వివరంగా రాసి నిన్న ఆ ఇంజినీరుకు పంపాను. జవాబు రాగానే అతనికి అందజేస్తాను.