మురుగు కొరత

మా బావకు గండికోట దారిలో ఒక టెంట్ల క్యాంపు ఉంది. కార్తీకంలో తెరుస్తాడు, శివరాత్రికి మూసేస్తాడు. ఆ తర్వాత ఆ ఎండలో టెంటు వేసుకుని పడుకోవాలంటే మనిషికి తిక్కయినా ఉండాలి, అప్పులైనా ఉండాలి. అక్కడ లెక్కలూ కాగితాలూ నావి. క్యాంపుఫైర్ దగ్గర అతిథులతో ఫొటోలు ఆయనవి.

పాత సెప్టిక్ ట్యాంకు పనైపోయింది. ఎర్రమల కొండల్లో నాలుగడుగులు తవ్వితే బండే. ట్యాంకులోంచి వచ్చే నీళ్లు ఇంకుడుగుంతలో ఇంకాలి కదా, బండ ఇంకనిస్తుందా? శని, ఆదివారాల్లో బెంగళూరు కార్లు నిండాయంటే గుంత పొంగేది. పెన్నా లోయ మీద సూర్యోదయం చూడ్డానికొచ్చిన వాళ్లు ముక్కు మూసుకుని చూసేవాళ్లు. అందుకని దాన్ని తీసేసి, రోజుకు 10 వేల లీటర్లు శుద్ధి చేసే చిన్న ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, పెట్టించాడు బావ. మంచి పనే, ఎవరూ కాదనరు. కాదనరు గానీ అవుననడానికి మాత్రం చాలామంది సంతకాలు కావాలి.

1974 నాటి నీటి కాలుష్య చట్టం ప్రకారం మురుగు వదిలే ఏర్పాటు కొత్తగా పెట్టాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. పెట్టడానికి ఒకటి, నడపడానికి ఇంకొకటి. పెట్టుకునే అనుమతి ఎట్లో వచ్చింది. నడుపుకునే అనుమతి దగ్గర వచ్చింది చిక్కంతా. అనుమతి లేనిదే ప్లాంటు నడపకూడదు. నడుస్తున్న ప్లాంటును చూడనిదే అనుమతి ఇవ్వరు. ఇదెట్లా సార్ అని కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో అడిగితే ఒకాయన నా వైపు జాలిగా చూసి, "అందరూ ఎట్ల చేస్తాండారో అట్లే చేయండి" అన్నాడు. అందరూ ఎట్ల చేస్తున్నారో చెప్పే కౌంటరు మాత్రం అక్కడ లేదు.

దరఖాస్తులో రోజూ వచ్చే మురుగు ఎంత అని ఒక గడి ఉంది. నూరు మంది, తలా 100 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు. సీజన్‌లో 8 వేల లీటర్లన్నమాట. మిగతా కాలంలో సున్నా. సున్నా కొడితే ఆ కంప్యూటరు ఒప్పుకోదు. మనుషులు లేకపోయినా మురుగు ఉండి తీరాలట.

ఇంతలో నడి మేలో ఫోను. "ఎల్లుండి ఇన్‌స్పెక్షన్. ప్లాంటు రన్నింగ్‌లో ఉండాలి. లోపలికొచ్చే మురుగు శాంపిలొకటి, బయటికొచ్చే నీళ్ల శాంపిలొకటి తీస్తాం."

"సార్, క్యాంపు మూసేసినాం. మనుషుల్లేరు."

"అది మీరు చూసుకోవాలి."

ప్లాంటు బిగించిన హైదరాబాదు కుర్రాడికి ఫోన్ చేశాను. ఎస్టీపీలో అసలు పనంతా బాక్టీరియాదేనని, బ్లోయర్ గాలి ఊదుతుంటే అవి మురుగును తింటాయని అతను పాఠం మొదలుపెట్టాడు. మా ట్యాంకులో ఆ బాక్టీరియా ఇంకా కాపురానికే రాలేదు. "పేడ కలిపి పోయండి సార్. మేతకు బెల్లం, కాస్త యూరియా, డీఏపీ. బీఓడీ, అంటే మురుగును తినడానికి బాక్టీరియాకు పట్టే ఆక్సిజన్, 100 పాళ్లుంటే నత్రజని 5, భాస్వరం 1 పడాలి. రెండు మూడు వారాల్లో కుదురుకుంటాయి."

"ఎల్లుండే వస్తాండారు బాబూ."

అవతల కాసేపు చప్పుడు లేదు. "అయితే బెల్లం ఎక్కువేయండి సార్."

పేడ దొరికింది. బెల్లానికి అక్క డబ్బాలన్నీ ఖాళీ చేశాం, ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. కానీ మురుగు శాంపిల్ అడిగిన సారుకు బెల్లం పానకం చూపించలేం కదా. అప్పుడు వచ్చింది మా బావకు ఆ ఆలోచన. మర్నాడు పొద్దున్నుంచే మైకు కట్టిన ఆటో ఒకటి చుట్టుపక్కల ఊళ్లు తిరిగింది.

"గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. రేపు మధ్యాహ్నం క్యాంపు దగ్గర సంగటి, నాటుకోడి పులుసుతో ఉచిత భోజనం కలదు. భోంచేసిన వారందరూ క్యాంపు మరుగుదొడ్లు వాడి సహకరించవలసిందిగా కోరుచున్నాము. పిల్లాపాపలతో తరలిరండి, విజయవంతం చేయండి!"

చివరి వాక్యం మేము రాసివ్వలేదు. ఆటో అబ్బాయి అలవాటు కొద్దీ చేర్చాడు.

జనం వచ్చారు. ఊహించిన దానికంటే ఎక్కువే వచ్చారు. వచ్చిన ప్రతివాడూ మొదట అడిగింది "ఏ పార్టీ అప్పా?" అనే. ఏ పార్టీ కాదంటే నమ్మలేదు. ఎన్నికలు లేని ఏడాదిలో కోడికూర పెట్టేవాడు ఎమ్మెల్యే టికెట్టుకు కన్నేసినట్టేనని ఒక పెద్దాయన తేల్చి చెప్పి, బావ భుజం తట్టి, రెండో ముద్ద వేయించుకున్నాడు.

తిన్నారు. చేతులు కడుక్కున్నారు. గేటు వైపు నడిచారు. బాత్రూముల వైపు ఒక్కరూ చూడలేదు. నేను అడ్డం పడి, "అన్నా, ఒకసారి బాత్రూముకు..." అంటే, "పొద్దున్నే అయిపాయ సామీ" అని భుజం మీద తువ్వాలు సర్దుకుని పోయేవాడొకడు. "మునుపేమో చెంబు పట్టుకుని బయలుకు పోతే ఆఫీసర్లు మెడలో దండేసిరి. ఇప్పుడు మీరు కోడికూర పెట్టి లోపలికి పొమ్మంటాండారు. ఏందో ఉంది దీంట్లో" అని అనుమానంగా చూసేవాడింకొకడు. చివరికి ఒక అవ్వ నా మొహం చూసి మనవడి వీపున ఒకటి చరిచింది. "అన్నం పెట్టి అడుగుతాండాడు పాపం, పోయిరా పో!" వాడు ఏడుస్తూ వెళ్లాడు. నేను నోటుపుస్తకంలో ఒక గీత గీశాను.

అవును, నోటుపుస్తకం. ఎన్ని లీటర్లు పోయిందో లెక్క ఉండాలన్నాడు బావ. బాత్రూముల వరసకు ఎదురుగా కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. అక్కడ దొరికిపోయాను మా హైస్కూలు లెక్కల సారుకు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, జేబులో పెన్ను. రిటైరై ఎన్నేళ్లైనా ఆ ఇస్త్రీ మడత నలగలేదు.

"ఏం చేస్తాండావురా ఇప్పుడు?"

ఆయన అడిగింది ఉద్యోగం గురించి. నేను లేచి నిలబడి, "లెక్కలు రాస్తాండా సార్" అన్నాను.

"దేని లెక్కలు?"

సరిగ్గా అప్పుడే ఒక తలుపు తెరుచుకుని ఒకాయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. నా చేయి దానంతటదే గీత గీసింది. సారు తలుపు చూశారు. గీత చూశారు. నన్ను చూశారు. నిజం చెప్పక తప్పలేదు. ట్యాంకు, బాక్టీరియా, వస్తున్న ఆఫీసరు, అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీశారు.

"ట్యాంకెంత?"

"10 వేల లీటర్లు సార్."

"ఒకసారి ఫ్లష్ లాగితే?"

"10 లీటర్లు."

"అయితే నిండాలంటే ఎన్నిసార్లు?"

నా నోటికి అంకె రాలేదు. చుట్టూ జనం చేరారు. కోడికాలు చప్పరిస్తున్న ఒక పిల్లవాడు "వెయ్యి" అన్నాడు. "చూడు, వాణ్ని చూసి నేర్చుకో" అన్నారు సారు. "ఇప్పటికి ఎన్నయినాయి?" గీతలు లెక్కపెట్టాను. యాభై కూడా లేవు. "శాతం చెప్పు." ఎండలో, బాత్రూముల ముందు, కోడిపులుసు వాసనలో, పెళ్లై పిల్లలున్న నేను చేతులు కట్టుకుని "5 లోపే సార్" అన్నాను. ఆ రోజుల్లో అయితే దీనికి గోడకుర్చీ వేయించేవారు.

ఇక సిగ్గుపడేందుకేం మిగల్లేదు. "సార్, మీరు కూడా ఒకసారి..." అన్నాను.

సారు మొహం వెలిగింది. "నాకు షుగరు కదరా! అర్ధగంటకొకసారి పోవాల్సిందే. ముందే చెప్పింటే మా వాకింగ్ బ్యాచినంతా తెచ్చింటి. వాళ్లందరికీ షుగరే." అని నిమిషాల మీద ఫోన్లు చేశారు. జమ్మలమడుగు నుంచి రెండాటోల నిండా విశ్రాంత ఉద్యోగులు దిగారు. వాళ్లు తిన్నది తక్కువ, మాకు చేసిన మేలు ఎక్కువ. చెప్పకుండానే వరసలో నిలబడ్డారు. పింఛను ఆఫీసులో అలవాటేనట.

ఆఫీసరు సారు వచ్చేసరికి ఆ వరస గేటు దాకా ఉంది. ఆయన దిగారు, ఫొటోలు తీశారు, రెండు డబ్బాల్లో శాంపిళ్లు పట్టి ఐసుపెట్టెలో పెట్టారు. పిల్లలు కూల్‌డ్రింకులనుకుని ఆ పెట్టె వెంటపడ్డారు. బీఓడీ తేలాలంటే 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి చూడాలని చెప్పారు. బావ సంగటి తినమన్నాడు. ఆయన తినలేదు, బాత్రూమూ వాడలేదు. వెళ్లిపోయారు.

నిన్న మెయిల్ వచ్చింది. శాంపిళ్ల మాట అందులో లేదు. "దరఖాస్తులో ప్రకటించిన సీజన్ కాని కాలంలో, నడుపుటకు అనుమతి లేకుండా, అధిక సంఖ్యలో అతిథులతో క్యాంపు నిర్వహిస్తున్నట్లు తనిఖీలో గమనించడమైనది. వారంలోగా వివరణ ఇవ్వగలరు."

వాళ్లు అతిథులు కాదనడానికి మా దగ్గరున్న ఒకే ఒక ఆధారం ఆటో అబ్బాయి ఇచ్చిన రసీదు. దాని మీద పచ్చ సిరాతో "మరుగుదొడ్డి ప్రచారం, ఒక పూట" అని రాశాడు. జవాబుకు దాన్నే జత చేసి, కింద నన్ను సంతకం పెట్టమంటున్నాడు బావ.