నడవడానికి చోటేదీ?

నాగార్జునసాగర్ రాతి కట్టడం. 1955లో శంకుస్థాపన జరిగిన ఆ డ్యామ్‌కు యంత్రాల కంటే మనుషుల భుజాలే ఎక్కువ పనిచేశాయి. దేశంలో ఎక్కడ కాలువ తవ్వినా 'పాలమూరు లేబరు' అన్న మాట వినపడేది. ఒంటి కష్టానికి మారుపేరైన ఈ నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) నేల మీద ఇప్పుడు ఏ పల్లె దవాఖానకు పోయినా బీపీ, షుగరు గోలీల కోసం వరుసగా కూర్చున్న జనమే కనిపిస్తారు. వాళ్లలో ముసలివాళ్లే కాదు, నలభై దాటని రైతులూ ఉంటున్నారు.

రైతుకు షుగరేమిటని ఆశ్చర్యపోయే రోజులు పోయాయి. అతని రోజు ఎట్లా గడుస్తోందో ఒకసారి చూడండి. పొలానికి బైకు మీద పోతాడు. దున్నేది ట్రాక్టరు, కోసేది హార్వెస్టరు. ఆటో స్టార్టరు పెట్టాక బోరు మోటారు దానంతట అదే నడుస్తోంది. వేపచెట్టు కింద బండి స్టాండు వేసి, సీటు మీదే కూర్చుని మిషను తిరగడం చూసి ఇంటికొస్తాడు. నడుములు విరిగే చాకిరీ తప్పడం మంచిదే, అది మళ్లీ రావాలని ఎవరూ కోరుకోకూడదు. నాట్లలో వంగి, పత్తి చేలల్లో ఎండకు మాడే ఆడకూలీలకైతే అది ఇంకా తప్పనే లేదు. కానీ మిగతావాళ్లకు కష్టం తగ్గినా కంచంలో అన్నం తగ్గలేదు. జొన్నరొట్టె, గటక పోయి మూడు పూటలా తెల్లన్నమే అయింది.

పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ అనే హార్మోను సాయం పెద్దగా లేకుండానే లాక్కుంటుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఆ చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. ఇట్లా ఏళ్లు గడిస్తే ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. రాత్రి తిన్నాక కాసేపు నడవమని డాక్టర్లు చెప్పేది అందుకే. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, పిల్లలకు రోజుకు గంట ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఆ మాత్రం కదలిక కూడా లేదు. 2000లో ఇట్లాంటివాళ్లు 22 శాతమే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే.

అదే లాన్సెట్ లెక్కలో, మన ఆడవాళ్లలో కదలిక చాలనివాళ్లు 57 శాతం. దాన్ని బద్ధకం కింద జమకట్టడం అన్యాయం. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి ఏ రోడ్డు పట్టుకున్నా ఒక మనిషి ఆగకుండా అరగంట నడవగలరా? ఫుట్‌పాత్ ఉంటే దాని మీద బండ్లు, లేకుంటే మోరీ మీద విరిగిన బండలు, వెనక నుంచి ఆటో హారను. పొద్దున గ్రౌండుకు పోదామంటే పిల్లల టిఫిన్ డబ్బాలు, సాయంత్రం పోదామంటే చీకటి. అందుకే ఎందరో ఇల్లాళ్లు డాబా మీద పది అడుగులు వేసి, నీళ్ల ట్యాంకు దగ్గర మళ్లుకుని, మళ్లీ పది అడుగులు వేస్తున్నారు. నడవాలన్న పట్టుదల వాళ్లకుంది. చోటు లేదు.

నల్లగొండ జిల్లాలోనే మర్రిగూడ, మునుగోడు వైపు ఇంకో బాధ ఉంది. ఫ్లోరైడు నీళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దలకు 'రోజూ వాకింగ్ చేయండి' అని చీటీ రాసిస్తే ఏం లాభం? కూర్చుని చేసే కసరత్తులు నేర్పే ఫిజియోథెరపిస్టు మండల కేంద్రం దవాఖానలోనైనా ఉండాలి.

బడుల్లో ఆటల పీరియడ్ టైంటేబుల్‌లో ఉంటుంది. పదో తరగతికి వచ్చేసరికి దాన్ని లెక్కల క్లాసో సైన్సు క్లాసో తినేస్తుంది. ఈ పద్ధతి మారాలి. ఊరూరా 2022లో మొదలుపెట్టిన క్రీడా ప్రాంగణాల్లో బోర్డు తప్ప ఆట కనిపించనివి ఉన్నాయి. ముందు వాటిలో గడ్డి పీకించాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టర్లను మేము అడిగేది కోట్ల పని కాదు. సర్కారు బడులు, కాలేజీల గ్రౌండ్ల గేట్లకు సాయంత్రం ఐదింటికి తాళం పడకుండా చూడండి. రాత్రి ఎనిమిది దాకా లైట్లు, తాగునీళ్లు, వాడుకోదగ్గ మరుగుదొడ్డి, గేటు దగ్గర ఒక మనిషి ఉంటే ఆ డాబాల మీద నడిచే ఆడవాళ్లు కిందికి దిగి వస్తారు.