తాతగారి పేరు పిస్టల్‌కి లైసెన్సు కాదు

బ్రిటన్‌లో ఇంట్లో పిస్టల్ ఉండటం నేరమని మనవాళ్ళందరికీ తెలుసు. అన్ని పిస్టళ్ళకీ ఆ మాట వర్తించదని మాత్రం చాలామందికి తెలియదు. ఈ సగం తెలివిడితో రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. ఒకరు బెదిరిపోయి, 180 ఏళ్ళనాటి చెకుముకి పిస్టల్‌ని పోలీసులకు అప్పగించి ఊపిరి పీల్చుకుంటారు. చట్టం దాన్ని నిక్షేపంగా ఇంట్లో ఉంచుకోనిచ్చేది. ఇంకొకరు "మామగారి తాతగారిది, పాతదేగా" అని బీరువా పైఅరలో పెట్టి మరిచిపోతారు. అది బయటపడితే కనీసం 5 ఏళ్ళ జైలు పడే సరుకు కావచ్చు.

ఈ చట్టం చెడ్డదని నేను అనను. దాని మూలసూత్రం నాకు నచ్చింది కూడా. నా ఫిర్యాదల్లా, వారసులకు అది చేరే తీరు మీద, వారసత్వాన్నే అనుమతి పత్రంగా భావించే మన అలవాటు మీద.

మనకెందుకీ గొడవ అంటారా? మన పిల్లలు ఇక్కడి కుటుంబాల్లోకి కోడళ్ళుగా, అల్లుళ్ళుగా వెళ్తున్నారు. ఆ కుటుంబాల్లో కొన్నింటి ముత్తాతలు మద్రాసు సైన్యంలోనో, ఉత్తర సర్కారుల్లోనో కొలువు చేసి వచ్చినవాళ్ళే. అత్తగారు పోయాక ఇల్లు సర్దే పని ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు.

మా సంఘంలో ఒకావిడకి అలాగే ఒక చెక్కపెట్టె దొరికింది. లోపల పచ్చ ఉన్నిగుడ్డ, దాని మీద రెండు ఆయుధాలు. ఒకటి రెండు గొట్టాల పెద్ద పిస్టల్. ఏనుగు అంబారీలో కూర్చున్న వేటగాడు, పులి పైకి ఎగబాకితే కాల్చడానికి దగ్గర పెట్టుకునే రకం. గొట్టాల కింద మందు దట్టించే ఇనుపకడ్డీ, సుత్తుల కింద, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే రాగి టోపీలు పెట్టే చిన్న మొలకలు, గొట్టం పక్కన కిరీటం కింద "వి" అక్షరం ముద్ర. రెండోది అరచేతిలో ఇమిడే అయిదు తూటాల రివాల్వర్. చూడటానికి బుద్ధిగా, బొమ్మలా ఉంది.

పెద్దదాన్ని చూసి అందరూ హడలిపోయారు. చట్టానికి దానితో పేచీ లేదు. పేచీ అంతా ఆ బుద్ధిమంతురాలితోనే.

1968 నాటి ఆయుధాల చట్టం 58వ సెక్షన్ ప్రకారం, పురాతన ఆయుధాన్ని వింత వస్తువుగానో అలంకారంగానో ఉంచుకుంటే లైసెన్సు అవసరం లేదు. "పురాతనం" అంటే ఏమిటో ఆ చట్టం చెప్పలేదు. దశాబ్దాల పాటు హోం ఆఫీసు మార్గదర్శకాలతోనే బండి నడిచింది. 2021 మార్చి 22 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఆ లోటు తీర్చాయి. ఆయుధం 1939 సెప్టెంబరు 1కి ముందు తయారై ఉండాలి. అది చాలదు, పేలే పద్ధతి కూడా పాతదై ఉండాలి. మూతి నుంచి మందు దట్టించేవి, అంటే చెకుముకి రాయివి, రాగి టోపీవి, హాయిగా ఇందులోకి వస్తాయి. తూటాలు పెట్టేవాటిలో చాలావాటికి, ఆ తూటా రకం ఇప్పుడు వాడుకలో లేనివాటి జాబితాలో ఉండాలి. అంతకుముందు ఆ జాబితాలో ఉన్న ఏడు రకాలను అదే రోజున తీసేశారు. అందులో .442 రివాల్వర్ తూటా ఒకటి. పెట్టెలోని చిన్నది సరిగ్గా అదే. 2021 మార్చి 21న అది అలంకార వస్తువు. ఇచ్చిన ఆరు నెలల గడువు సెప్టెంబరు 22తో ముగిశాక, సర్టిఫికెట్ లేకపోతే నిషేధిత ఆయుధం. పెట్టె అటకమీదే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

ఆ ఏడింటినీ తీసేయడం సబబే అంటాను. 1996లో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ ఊరి బడిలో 16 మంది పిల్లల్ని, వాళ్ళ టీచర్ని ఒకడు కాల్చి చంపాక, మరుసటి ఏడే ఈ దేశం చేతి తుపాకుల్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. కొత్త పిస్టళ్ళు దొరకడం కష్టమయ్యేసరికి నేరగాళ్ళ చూపు పాతవాటి మీద పడింది. పాత రివాల్వర్లకు సరిపోయే తూటాలు ఇంట్లో చేసి ముఠాలకు సరఫరా చేసిన ఒక వ్యాపారికి 2017లో 30 ఏళ్ళ శిక్ష పడింది. అటకమీది రివాల్వర్‌కి ముత్తాత ఎంత పెద్దమనిషైనా, దొంగ చేతిలో పడితే అది మామూలు రివాల్వరే.

కానీ ఆ ఆరు నెలల్లో ఈ కబురు ఎవరికి చేరింది? సేకరణదారులకు, వేలం సంస్థలకు, డీలర్లకు చేరింది. ఎనభై దాటిన విధవరాలికి చేరిందా? తెలియదన్న మాట కోర్టులో చెల్లదు. తన రివాల్వర్ పురాతనమైనదేనని నిజాయితీగా నమ్మినవాడి కేసులో, ఆ నమ్మకం రక్షణ కాదని 1977లోనే అప్పీలు కోర్టు తేల్చింది. చూస్తే అది ఆధునిక నకలట. చట్టం అంత కరుకుగా ఉండదలిస్తే చాటింపు కూడా అంత గట్టిగా వేయాలి. మనిషి పోయాక మరణం నమోదు చేసినప్పుడు, "టెల్ అస్ వన్స్" సేవ ద్వారా పింఛను నుంచి పాస్‌పోర్టు దాకా చాలా ప్రభుత్వ శాఖలకు ఒకేసారి కబురు వెళ్తుంది. అక్కడ వారసుల చేతిలో పెట్టే కాగితాల్లో "ఇంట్లో పాత తుపాకీ ఏదైనా ఉంటే" అని ఒక్క పేరా చేర్చడానికి ఎంత ఖర్చవుతుంది?

ఇక మన వైపు. ఇలాంటిది దొరికితే ట్రిగ్గర్ నొక్కి చూడకండి, కారులో వేసుకుని పోలీస్ స్టేషన్‌కి బయల్దేరకండి. ఉన్నచోటే ఉంచి, అత్యవసరం కాని పనులకు పోలీసులు పెట్టిన 101 నంబరుకి ఫోన్ చేసి, ఆయుధాల లైసెన్సు విభాగం వాళ్ళ సలహా అడగండి. పెట్టె దొరికిన ఆవిడ అదే చేసింది. పోలీసులు వచ్చి రివాల్వర్‌కి రసీదిచ్చి తీసుకెళ్ళారు. దాన్ని ఆవిడ వదులుకుంది. కావాలనుకుంటే వేరే దారులున్నాయి. 1919కి ముందు తయారైన కొన్నింటిని 1997 చట్టం 7వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో ఉంచుకోవచ్చు, లేదా పేలకుండా నిర్వీర్యం చేయించి ధ్రువపత్రం తీసుకోవచ్చు. నిర్వీర్యం చేసిన రివాల్వర్ నాకైతే కుట్లు వేసిన శవంలా ఉంటుంది.

అంబారీ పిస్టల్‌ని మాత్రం రిజిస్టర్డ్ డీలర్ ఇంటికొచ్చి చూశాడు. సన్నని చెక్కపుల్ల గొట్టంలోకి జార్చి, మూతి దగ్గర గోటితో గీత పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించాడు. ఎడమ గొట్టంలో పుల్ల చివరంటా వెళ్ళింది. కుడి గొట్టంలో రెండు అంగుళాల ముందే ఆగింది. దట్టించిన మందు, గుండు అలాగే ఉన్నాయి! ఏ పులి కోసం దట్టించారో, తరాల తరబడి పిల్లలు ఆడుకున్న ఆ ఇంట్లోనే ఉంది. దాన్ని తీయించాకే పిస్టల్ మళ్ళీ పెట్టెలోకి చేరింది.

చట్టంలో నాకు నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. అది వస్తువునే కాదు, యజమాని ఉద్దేశాన్ని కూడా చూస్తుంది. గోడకు తగిలిస్తే అలంకారం. "దీపావళికి ఒక్కసారి పేల్చి చూద్దాం" అనుకున్నారా, మినహాయింపు అక్కడితో సరి, సర్టిఫికెట్ కావాల్సిందే. పేలే తూటాలకు ఈ మినహాయింపు వర్తించదు. నిన్న మొన్న తయారైన చెకుముకి నకలుకీ వర్తించదు. గతంలో జైలుశిక్ష పడినవాళ్ళలో చాలామందికి పురాతన ఆయుధమైనా సరే ఉంచుకునే హక్కు 2014 నుంచి లేదు. దసరాకి ఆయుధపూజ ఇంట్లో చేసుకోండి, కాదనను. తడి పసుపు మాత్రం ఇనుముకి పూయకండి, తుప్పు పడుతుంది. సంఘం హాలుకి ప్రదర్శనకని పట్టుకొస్తే, పార్కింగ్‌లో చూసినవాళ్ళు అత్యవసర నంబరు 999కి ఫోన్ చేస్తారు. తర్వాత వచ్చేవాళ్ళ చేతుల్లో ఉండేవి పురాతనమైనవి కావు.

తాతగారు రెండో ప్రపంచయుద్ధంలో వాడిన .38 వెబ్లీ రివాల్వర్ ఉందని గొప్పగా చెప్పేవాళ్ళూ ఉన్నారు. అది పురాతనం కాదు, ఏ లెక్కన చూసినా. ఊళ్ళో జమీందారీ తాతయ్యది ఉందంటే, దాన్ని సూట్‌కేసులో పెట్టుకు రావచ్చన్న ఆలోచనే వద్దు. నూరేళ్ళు దాటిన కళాఖండాల్ని మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదని భారతదేశపు 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతుంది. అక్కడి ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినవాటితో కలిపి కూడా లైసెన్సుదారుకి రెండు తుపాకులే.

ఉంచుకోవచ్చని తేలిన పిస్టల్‌కి కాగితం చేయించండి. చట్టం అడగకపోయినా సరే. డీలర్ రాసిచ్చిన ఉత్తరం, ముద్రల ఫోటోలు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఒక పేజీ, ఇవన్నీ పెట్టెలోనే ఉంచండి. వీలునామాలో దాని పేరు విడిగా రాయండి. పిల్లల్లో ఎవరికి కావాలో ముందే అడగండి. ఎవరికీ వద్దంటే, బతికుండగానే వేలానికి ఇచ్చేయండి.