విమానం లెక్క వేరు, ఊరి లెక్క వేరు

తువ్వాలు రెండో రోజూ వాడితే పర్యావరణాన్ని కాపాడినట్టేనని హోటల్ బాత్‌రూముల్లో చీటీలు అంటిస్తుంటారు. నాలుగైదు వేల కిలోమీటర్లు విమానంలో ఎగిరొచ్చి దిగిన మనిషికి ఆ చీటీ చూపించడం ఒకరకంగా వేళాకోళమే. బాధ్యతాయుత పర్యాటకం గురించి మన దగ్గర జరిగే చర్చ తరచూ ఇక్కడే దారి తప్పుతోంది. గాల్లో కలిసే కర్బనం ఒక ఖాతా. వెళ్లిన చోట మన డబ్బు ఎవరి చేతికి చేరింది, మన చెత్త ఎక్కడ పడింది అన్నది ఇంకో ఖాతా. రెండో దాంట్లో జమ చేసి మొదటి దాంట్లో అప్పు తీరిందనుకుంటే కుదరదు.

మొదటి ఖాతాను చేత్తోనే లెక్క వేసుకోవచ్చు. కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. హైదరాబాద్ నుంచి విశాఖకు ఏ320 నియో విమానం ఒక్కసారి వెళ్లడానికి సుమారు రెండున్నర టన్నుల ఇంధనం కావాలి. 186 సీట్లలో 160 నిండాయనుకుంటే తలకు దాదాపు 50 కిలోలు. మన కరెంటులో బొగ్గు వాటా ఎంత ఎక్కువైనా, అదే ఊరికి నిండుగా వెళ్లే ఎలక్ట్రిక్ రైల్లో తలకు పది కిలోలు దాటదు.

కారు విషయంలోనే చాలామంది అంచనా తప్పుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారులో ఒక్కరే విశాఖ వెళ్తే 40 లీటర్ల పైన కాలుతుంది. లీటరుకు 2.3 కిలోల చొప్పున 90 కిలోలు దాటుతుంది, అంటే విమానం కంటే ఎక్కువ. నలుగురు కూర్చుంటే మాత్రం తలకు పాతిక కిలోల లోపే.

చిన్న దూరాలకు విమానం ఎందుకు దండగ? బరువంతా పైకి లేపేటప్పుడు గంటకు కాలే ఇంధనం, నిలకడగా ఎగిరేటప్పటి దానికి దాదాపు రెట్టింపు. గంట ప్రయాణంలో విమానం పైకి ఎక్కడం, కిందికి దిగడమే సగం ఉంటుంది. అందుకే కనెక్టింగ్ టికెట్ల దగ్గర జాగ్రత్త అవసరం. హైదరాబాద్ నుంచి విశాఖకు నేరుగా సుమారు 500 కిలోమీటర్లు. వెయ్యి రూపాయలు తగ్గుతుందని బెంగళూరు మీదుగా వెళ్తే దూరం 1,200 దాటుతుంది, టేకాఫ్‌లు రెండవుతాయి.

టికెట్ బుక్ చేసేటప్పుడు కనిపించే ఉద్గారాల అంకె ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉండటం చూసి లెక్కలన్నీ బూటకమని కొట్టిపారేయక్కర్లేదు. విమానం వెనక తెల్లగా సాగే మంచు చారలు కూడా వేడిని పట్టి ఉంచుతాయి. సూర్యకాంతిని వెనక్కి పంపే ఆ కాస్త మేలు కూడా రాత్రిపూట ఉండదు. ఈ ప్రభావాన్ని గూగుల్ 2022లో తన విమాన టికెట్ల సైట్ లెక్కలోంచి తీసేసింది. బ్రిటన్ ప్రభుత్వ లెక్కలో మాత్రం దాని కింద కార్బన్ డయాక్సైడ్‌ను 1.7తో హెచ్చించే పద్ధతి ఉంది. సీటు తరగతి కూడా అంకెను మారుస్తుంది. దూర ప్రయాణాల్లో బిజినెస్ క్లాస్ సీటు ఆక్రమించే చోటును బట్టి దాని వాటా ఎకానమీకి దాదాపు మూడు రెట్లు.

ఇక మన ఉద్గారాలకు బదులుగా ఎక్కడో అడవిని కాపాడతామంటూ 'కర్బన పరిహారం' పేరుతో టికెట్ చివర ఓ వందో రెండు వందలో అడిగే గడి. ఆరు దేశాల్లోని 26 అటవీ పరిరక్షణ ప్రాజెక్టుల మీద 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం, వాటిలో ఎక్కువ భాగం అడవుల నరికివేతను చెప్పుకోదగ్గంత తగ్గించలేదని తేల్చింది. 2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు డచ్ విమానయాన సంస్థ కేఎల్‌ఎం పర్యావరణ ప్రకటనలు జనాన్ని తప్పుదోవ పట్టించాయని చెప్పింది. మొక్కలకు డబ్బివ్వాలనుంటే ఇవ్వండి, మంచిదే. దాన్ని చూపించి విమానం ఉద్గారాలను మాత్రం లెక్కలోంచి తీసేయకండి.

ప్రభుత్వాల వైపు నుంచీ పెద్ద ఊరటేమీ లేదు. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027 నాటికి 1 శాతం, 2028కి 2 శాతం సుస్థిర ఇంధనం (వాడిన వంటనూనె, వ్యవసాయ వ్యర్థాల లాంటి వాటితో చేసేది) కలపాలన్నది భారత్ లక్ష్యం. ఒక్క శాతం కలిపితే తగ్గేది ఒక్క శాతం లోపే. ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ ఐకావో తెచ్చిన, విమాన సంస్థలతో కర్బన పరిహారం కొనిపించే కోర్సియా పథకం 2027 నుంచి మనకూ తప్పనిసరి అవుతుంది. అది 2019 ఉద్గారాల్లో 85 శాతం దాటిన భాగానికే, అదీ అంతర్జాతీయ విమానాలకే. విశాఖ విమానం దాని కిందికి రాదు.

సరే, విశాఖలో దిగాం, అరకు వెళ్తాం. ఇక్కడి నుంచి రెండో ఖాతా. పొద్దున్నే అద్దాల బోగీలో 58 సొరంగాలు దాటి వెళ్లి, బొర్రా గుహలు చూసి, చీకటి పడేసరికి విశాఖలో ఉండే యాత్రికుడి డబ్బులో అరకుకు దక్కేది బొంగు చికెన్, కాఫీ, టికెట్ల చిల్లరే. రెండు రాత్రులు అక్కడే ఉంటే లెక్క మారుతుంది, అయితే ఎవరి గదిలో ఉన్నామన్నదాన్ని బట్టే. ఏజెన్సీ (గిరిజన) ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి అమ్మినా లీజుకిచ్చినా 1/70 చట్టం ప్రకారం చెల్లదు. అయినా గిరిజనుల పేరు మీద బయటివాళ్లు నడిపే రిసార్టులున్నాయి. గది బుక్ చేసేముందు స్థలం ఎవరిది, నడిపేదెవరు, వంటవాళ్లు ఏ ఊరివాళ్లని ఫోన్‌లోనే అడగాలి. సూటిగా జవాబు రాకపోతే అదే జవాబు. థింసా నృత్య కళాకారులకు డబ్బు మేనేజర్ చేతికి కాకుండా బృందానికే నేరుగా ఇవ్వాలి. కాఫీ పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) శాతం చూడండి. 'అరకు కాఫీ' అని పెద్దక్షరాల్లో ఉండి, మూలన చిన్నగా చికోరీ 40 శాతం అని ఉంటే రైతుకు పోయిన వాటా మిగతాదే. నమ్మకంగా కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణాలున్నాయి. వంజంగి కొండకు తీసుకెళ్లిన నీళ్ల సీసా కిందికి తెచ్చుకోవాలన్నది వేరే చెప్పాలా!

ఇవన్నీ చేసినా విమానం తాలూకు 50 కిలోల్లో గ్రాము తగ్గదు. రెండు ఖాతాలకూ ఒకేసారి పనికొచ్చేది ఒక్కటే: తక్కువసార్లు వెళ్లి ఎక్కువ రోజులు ఉండటం. రాకపోకల వంద కిలోలు ఒక రాత్రికైనా ఆరు రాత్రులకైనా అంతే. ఖర్చు మాత్రం ఆరు రోజులూ ఊళ్లోనే అవుతుంది. అమెరికా ప్రయాణం దీనికి పెద్ద నమూనా. హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఎకానమీలో వెళ్లొస్తే తలకు రెండు టన్నుల దగ్గర్లో తేలుతుంది. సగటు భారతీయుడి వాటాకు ఏడాది మొత్తం మీద వచ్చేదీ సుమారు అంతే. పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చే తల్లిదండ్రులకంటే, అక్కడి తెలుగు సంఘం మూడు రోజుల సభకు బిజినెస్ క్లాస్‌లో వెళ్లొచ్చే అతిథిని ముందు అడగాలి.

రైలెక్కమనడం మాత్రం నోటితో అన్నంత తేలిక కాదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటే సంక్రాంతి తేదీల బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్‌కు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది, అంటే సెలవులో ఒక పగలంతా పోతుంది. శుక్రవారం ఆఫీసు ముగించుకుని బయల్దేరేవాడికి కావలసింది రాత్రి రైలు. ఆ రైళ్లకు బోగీలు పెంచాలని పర్యాటక శాఖ అడగదు, విమానయాన శాఖకు ఆ అవసరమే లేదు. వెయిటింగ్ లిస్టులో మిగిలినవాడు గురువారం రాత్రికల్లా విమానం టికెట్ కొనుక్కుంటాడు.